వెండి బొమ్మ, అద్దకపు బొమ్మ: నలుపు తెలుపు ఫిలిమును ఎన్నుకొనడం

డిజిటల్ కెమేరాలు వచ్చిన తరువాత ఫిలిము వాడకం బాగా తగ్గినది గాని, నలుపు తెలుపు ఫిలిము మీద మోజు పూర్తిగా పోలేదు. ఇంట్లో మూలపడి ఉన్న పాత కెమేరాను బయటికి తీసి, దానితో ఫోటోలు తీయవలెనని ఉత్సాహపడే విద్యార్థులు నేటికీ ఉన్నారు. ఫిలిము కొనడం, కెమేరాలో అమర్చడం, ఫోటోలు తీయడం ఇవన్నీ కొద్దిపాటి శ్రద్ధతో నేర్చుకొనవచ్చును. చిక్కంతా ఆ తరువాతనే వస్తుంది. తీసిన ఫిలిమును కడిగించడానికి లాబ్‌లో ఇచ్చినప్పుడు ఒక్కొక్కసారి ముప్పయి ఆరు ఫోటోలలో ఒక్కటి కూడా రాదు. గాజువలె తేటగా ఉన్న ఖాళీ పట్టీ మాత్రమే చేతికి వస్తుంది. అదే లాబ్‌లో, అదే రోజున, వేరొకరు ఇచ్చిన నలుపు తెలుపు ఫిలిము చక్కగా కడగబడి వస్తుంది.

ఇది కెమేరా దోషం కాదు. వెలుతురు చాలకపోవడం వల్ల జరిగినదీ కాదు. రెండూ నలుపు తెలుపు ఫిలిములే అయినప్పటికీ, ఒకదానిలో బొమ్మ వెండితో తయారవుతుంది; రెండవదానిలో అద్దకపు రంగుతో తయారవుతుంది. ఈ భేదం తెలియకుండా ఫిలిమును కొనినవారు తాము తీసిన బొమ్మలను శాశ్వతంగా పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. పెండ్లి ఫోటోగాని, వృద్ధురాలైన అమ్మమ్మ ఫోటోగాని మళ్లీ తీయడానికి వీలుండకపోవచ్చును. కాబట్టి ఫిలిములో ఏమున్నదో, లాబ్‌లో దానికి ఏమి జరుగుతుందో ముందుగా తెలిసికొనడం అవసరం.

ఫిలిములో ఏమున్నది?

ఫిలిము అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన జెలటిన్ పొర. ఆ జెలటిన్‌లో వెండి లవణాల స్ఫటికాలు లెక్కకు మిక్కిలిగా చెదిరి ఉంటాయి. వీటిలో ముఖ్యమైనది సిల్వర్ బ్రోమైడ్. వెండి లవణాలు వెలుతురులో నల్లబడతాయన్న సంగతి చాలా కాలంగా తెలిసినదే. నల్లబడిన ఆ పదార్థం లోహరూపంలో ఉన్న వెండియే అని స్వీడన్ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షీలే 1777లో ప్రకటించినాడు.

కెమేరా తలుపు తెరచుకొనేది సెకనులో నూరవ వంతో, ఇంకా తక్కువో. అంత కొద్ది కాలంలో ఫిలిము కంటికి కనిపించేటంతగా నల్లబడదు. అయినప్పటికీ వెలుతురు సోకిన ప్రతి స్ఫటికంలోను ఒక చిన్న మార్పు జరుగుతుంది. కాంతి తాకిడికి బ్రోమైడ్ అయానుల నుండి ఎలక్ట్రానులు విడిపోతాయి. అవి స్ఫటికంలో ఒకచోట చిక్కుకొని, అక్కడికి చేరిన వెండి అయానులను వెండి పరమాణువులుగా మారుస్తాయి. ఈ ప్రక్రియను బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన గర్నీ, మాట్ అనే శాస్త్రజ్ఞులు 1938లో వివరించినారు. ఇట్లు చేరిన పరమాణువులు నాలుగైదు ఉంటే చాలు, ఆ స్ఫటికం కడగడానికి సిద్ధమైనట్లే. కంటికి కనిపించని ఈ బొమ్మను గుప్తబింబం అంటారు.

ఇంతవరకు నలుపు తెలుపు ఫిలిముకు, రంగుల ఫిలిముకు తేడా లేదు. రెండింటిలోను ఉన్నవి వెండి లవణాలే. రెండింటిలోను ఏర్పడేది గుప్తబింబమే. దారులు చీలిపోయేది దానిని కడిగేటప్పుడు.

వెండి బొమ్మ

సామాన్యమైన నలుపు తెలుపు ఫిలిమును కడిగే పద్ధతిలో ముఖ్యమైన మెట్లు రెండు. మొదటిది డెవలపర్ ద్రావణం. ఇందులో మెటాల్, హైడ్రోక్వినోన్ వంటి క్షయకరణ పదార్థాలుంటాయి. గుప్తబింబమున్న స్ఫటికాన్ని ఇవి పూర్తిగా లోహపు వెండిగా మారుస్తాయి. గుప్తబింబం లేని స్ఫటికం జోలికి అంత త్వరగా పోవు. నాలుగైదు పరమాణువుల గురుతును పట్టుకొని, వందల కోట్ల అయానులున్న స్ఫటికమంతా వెండి అయిపోతుంది. ఫోటోగ్రఫీ సాధ్యమైనది ఈ అద్భుతమైన గుణకారం వల్లనే.

రెండవ మెట్టు ఫిక్సర్. వెలుతురు సోకని వెండి లవణాలు ఇంకా ఫిలిములో మిగిలి ఉంటాయి. వాటిని అట్లాగే వదిలితే క్రమంగా నల్లబడి బొమ్మను చెరుపుతాయి. హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, ఈ లవణాలను కరగించివేస్తుందని ఇంగ్లండులో జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొన్నాడు. ఫోటోగ్రఫీ పుట్టిన తొలి రోజులలో, 1839లో, ఆయనే దానిని బొమ్మలను స్థిరపరచడానికి ఉపయోగించినాడు. హైపో లవణాన్ని కరగిస్తుంది గాని, లోహపు వెండిని దాదాపుగా ముట్టుకోదు. కనుక చివరకు జెలటిన్‌లో మిగిలేది నల్లని వెండి రేణువులతో కూడిన బొమ్మ.

ఈ పద్ధతిలో ప్రతి ఫిలిముకు కడగవలసిన సమయం వేరు. ఇల్‌ఫర్డ్ కంపెనీవారి ఐడి-11 అనే డెవలపర్‌ను నీరు కలపకుండా 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద వాడినట్లయితే, వారి హెచ్‌పి5 ప్లస్ ఫిలిముకు 7½ నిమిషాలు, ఎఫ్‌పి4 ప్లస్ ఫిలిముకు 8½ నిమిషాలు పడుతుంది. వేరొక డెవలపర్ అయితే వేరొక లెక్క. సమయాన్ని పెంచితే నలుపు తెలుపుల మధ్య వ్యత్యాసం ఎక్కువవుతుంది; తగ్గిస్తే తగ్గుతుంది. బొమ్మ తీసినవారే ఫిలిమును కడుగుకొనేటట్లయితే ఇది గొప్ప సౌకర్యం. కాని వందల కొద్దీ ఫిలిములను యంత్రంతో కడిగే లాబ్‌కు ఇది పెద్ద ఇబ్బంది.

రంగుల లాబ్ పద్ధతి

నేడు లాబ్‌లలో రంగుల నెగటివులను కడిగే పద్ధతి పేరు సి-41. దీనిని ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ 1972లో ప్రవేశపెట్టినది. తరువాత ఇతర కంపెనీలు కూడా తమ ఫిలిములను దీనికి అనుగుణంగా తయారుచేసినందువల్ల, ఇది ప్రపంచమంతటా ప్రామాణికమైనది. డెవలపర్ వేడి 37.8 డిగ్రీలు, సమయం 3 నిమిషాల 15 సెకన్లు. ఫిలిము వేగం 100 అయినా, 400 అయినా, ఏ కంపెనీ చేసినది అయినా ఇదే లెక్క. వేడిలో డిగ్రీలో ఆరవ వంతుకు మించి తేడా రాకుండా చూచుకొంటారు. అన్ని ఫిలిములకు ఒకే కొలత కాబట్టే యంత్రం ఈ పనిని చేయగలుగుతున్నది.

ఇందులోని రసాయన రహస్యం జర్మనీకి చెందిన రుడాల్ఫ్ ఫిషర్ 1912లో సూచించినది. రంగుల డెవలపర్ వెండి లవణాన్ని వెండిగా మార్చేటప్పుడు తాను ఆక్సీకరణం చెందుతుంది. ఆక్సీకరణం చెందిన ఆ పదార్థం ఊరుకోదు. ఫిలిములో ముందుగానే కలిపి ఉంచిన కప్లర్ అనే పదార్థంతో కూడి అక్కడికక్కడే ఒక అద్దకపు రంగుగా మారుతుంది. కప్లర్ అంటే జతకూర్చేది అని అర్థం. వెండి ఎక్కడ ఎంత పుట్టినదో, రంగు కూడా అక్కడ అంతే పుడుతుంది. రంగుల ఫిలిములో మూడు రకాల పొరలు ఉండి, వాటిలో పసుపు, ఎరుపు వన్నెలున్న మజెంటా, నీలి వన్నెలున్న సయాన్ అనే మూడు రంగులు ఏర్పడతాయి.

ఇప్పుడు ప్రతి పొరలోను వెండి, రంగు కలిసి ఉన్నాయి. వెండి నల్లనిది, అది ఉంటే రంగులు మసకబారుతాయి. కనుక దానిని తీసివేయవలెను. ఆ పని చేసేది బ్లీచ్ అనే ద్రావణం. బ్లీచ్ లోహపు వెండిని ఆక్సీకరణం చేసి తిరిగి వెండి లవణంగా మారుస్తుంది. వెంటనే ఫిక్సర్ ఆ లవణాన్ని కరగించి తీసికొనిపోతుంది. చివరకు ఫిలిములో వెండి బొత్తిగా మిగలదు. అద్దకపు రంగులు మాత్రమే ఉంటాయి. వెండి అచ్చువంటిది మాత్రమే. రంగు పోత పోసిన తరువాత దాని అవసరం తీరిపోయినట్లే.

బొమ్మలు ఎందుకు మాయమవుతాయి?

సామాన్యమైన నలుపు తెలుపు ఫిలిమును ఈ యంత్రంలో వేస్తే ఏమి జరుగుతుందో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. డెవలపర్‌లో వెండి బొమ్మ ఏర్పడుతుంది. ఫిలిములో కప్లర్ లేదు గనుక అద్దకపు రంగు పుట్టదు. ఆ వెనుక బ్లీచ్ వచ్చి ఉన్న వెండినంతా లవణంగా మారుస్తుంది. ఫిక్సర్ దానిని కరగించివేస్తుంది. బొమ్మకు ఆధారమైనదే వెండి; అది కాస్తా లాబ్ తొట్టెలోకి పోయినది. మిగిలినది ఖాళీ జెలటిన్. దీనిని తిరిగి రాబట్టే ఉపాయం ఏదీ లేదు.

దీనికి విరుద్ధమైన పొరపాటు ఇంత ఘోరమైనది కాదు. రంగుల లాబ్‌కు పోవలసిన ఫిలిమును ఎవరైనా నలుపు తెలుపు డెవలపర్‌లో కడిగితే, అద్దకపు రంగు పుట్టదు గాని వెండి బొమ్మ మిగులుతుంది. అది అంత నాణ్యంగా ఉండకపోవచ్చును; అయినా బొమ్మ దక్కుతుంది. ఒక పొరపాటులో నాణ్యం పోతుంది. రెండవదానిలో సర్వమూ పోతుంది.

అద్దకంతో ఏర్పడే నలుపు తెలుపు

రంగుల లాబ్‌లు ఊరూరా వెలసిన తరువాత, నలుపు తెలుపు ఫిలిమును కడిగేవారు తగ్గిపోయినారు. ఆ యంత్రంలోనే కడగదగిన నలుపు తెలుపు ఫిలిమును తయారుచేయవచ్చును గదా అన్న ఆలోచన ఫలితంగా 1980 ప్రాంతంలో ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్ కంపెనీ ఎక్స్‌పి1 అనే ఫిలిమును, జర్మనీలో ఆగ్ఫా కంపెనీ వేరియో-ఎక్స్‌ఎల్ అనే ఫిలిమును తెచ్చినాయి. ఈ ఫిలిములో వెండి లవణాలతోపాటు కప్లర్లు కూడా ఉంటాయి. అయితే వేరువేరు రంగులకు వేరువేరు పొరలు ఉండవు. అన్ని రంగుల వెలుతురుకు స్పందించే పూతలో, కలిసి దాదాపు నల్లగా కనిపించే అద్దకాలు పుట్టేటట్లు కప్లర్లను కూర్చుతారు.

ఎక్స్‌పి1 తరువాత ఎక్స్‌పి2, దాని వెనుక ఎక్స్‌పి2 సూపర్ వచ్చినాయి. కొడాక్ కంపెనీ బిడబ్ల్యు400సిఎన్ అనే ఫిలిమును తయారుచేసి, 2014లో దానిని మానుకొన్నది. ఈ జాతి ఫిలిములలో ఎక్స్‌పి2 సూపర్ ఇప్పటికీ తయారవుతున్నది.

పేర్లను చూచి మోసపోయే అవకాశం ఇక్కడనే ఉన్నది. హెచ్‌పి5 ప్లస్, ఎక్స్‌పి2 సూపర్ రెండూ ఇల్‌ఫర్డ్ వారివే. రెండింటి వేగం 400. రెండు డబ్బాల మీద నలుపు తెలుపు అనే ఉంటుంది. కాని మొదటిది వెండి బొమ్మ. రెండవది అద్దకపు బొమ్మ. కొడాక్ వారి ట్రై-ఎక్స్, టి-మాక్స్, ఇల్‌ఫర్డ్ వారి ఎఫ్‌పి4 ప్లస్, డెల్టా ఇవన్నీ వెండి జాతివే. మన దేశంలో ఉదకమండలం వద్ద 1960లో స్థాపింపబడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ "ఇందు" పేరుతో అమ్మిన నలుపు తెలుపు ఫిలిములు కూడా ఆ జాతివే. ఆ కర్మాగారం మూతపడినది గాని, కడగని పాత ఫిలిము చుట్టలు ఎక్కడైనా బయటపడితే వాటిని రంగుల లాబ్‌కు ఇవ్వరాదు.

ఎక్కువ వెలుతురు, తక్కువ గరుకు

రెండు జాతుల స్వభావంలో కొన్ని ఆసక్తికరమైన భేదాలున్నాయి. వెండి ఫిలిము మీద అవసరానికి మించి వెలుతురు పడితే నెగటివులో వెండి దట్టంగా పేరుకొని, బొమ్మ గరుకు హెచ్చుతుంది. అద్దకపు ఫిలిములో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ప్రతి వెండి రేణువు చుట్టూ ఒక చిన్న అద్దకపు మబ్బు ఏర్పడుతుంది. వెలుతురు ఎక్కువైన కొద్దీ మబ్బులు ఎక్కువై, ఒకదానిమీద ఒకటి పడి, మధ్య ఖాళీలు పూడిపోతాయి. కనుక బొమ్మ మరింత నున్నగా వస్తుంది.

ఈ కారణం చేత ఎక్స్‌పి2 సూపర్‌ను 50 నుండి 800 వరకు ఏ వేగంగానైనా భావించి ఫోటోలు తీయవచ్చునని తయారీదారులు చెబుతారు. కడిగే సమయం మార్చనక్కరలేదు. ఒకే చుట్టలో ఒక బొమ్మను ఒక వేగంతో, మరొక బొమ్మను మరొక వేగంతో తీసినా సరిపోతుంది. వెలుతురును సరిగా అంచనా వేయడం ఇంకా రాని విద్యార్థికి ఇది గొప్ప ఊరట. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్లని పంచె కట్టుకొని నిలుచున్న మనిషిని తీసినప్పుడు కూడా బట్ట మడతలు తెల్లగా కలిసిపోకుండా దక్కే అవకాశం ఎక్కువ. అయితే 800కు మించిన వేగం కావలసిన మసక వెలుతురులో ఇది పనికిరాదు. అట్టిచోట వెండి ఫిలిమును తీసికొని, కడిగే సమయం పెంచి పని గడుపుకొనవచ్చును. లాబ్ యంత్రంలో సామాన్యంగా అట్టి స్వేచ్ఛ ఉండదు.

అచ్చు, స్కానింగు, నిలువ

లాబ్‌వారు అద్దకపు ఫిలిము నుండి రంగుల కాగితం మీద అచ్చు తీస్తే, నలుపు తెలుపుకు బదులు కొద్దిగా గోధుమ వన్నెనో, పచ్చ వన్నెనో కనిపించవచ్చును. రంగుల కాగితం నారింజ వన్నె గల నెగటివులకు తగినట్లు తయారైనది. ఎక్స్‌పి2 సూపర్‌లో ఆ నారింజ వన్నె లేదు. కొడాక్ వారి ఫిలిములో అది ఉండేది. అందువల్ల రంగుల కాగితం మీద దాని అచ్చు సులభంగా కుదిరేది. కాని చీకటి గదిలో నలుపు తెలుపు కాగితం మీద అచ్చు తీసేటప్పుడు ఆ నారింజ వన్నెయే అడ్డు తగిలేది. ఆ కాగితానికి కావలసినది నీలి, ఆకుపచ్చ వెలుతురు. నారింజ వన్నె వాటిని చాలవరకు ఆపివేస్తుంది.

స్కానింగులో మరొక భేదం బయటపడుతుంది. కొన్ని స్కానర్లు పరారుణ కిరణాలతో నెగటివు మీది దుమ్మును, గీతలను గుర్తించి బొమ్మ నుండి తొలగిస్తాయి. అద్దకాల గుండా పరారుణ కిరణాలు సాఫీగా పోతాయి. దుమ్ము దగ్గర మాత్రమే ఆగుతాయి. వెండి మాత్రం వాటిని అడ్డుకొంటుంది. కనుక ఆ స్కానర్‌కు వెండి బొమ్మ అంతా దుమ్ముగానే తోస్తుంది. వెండి నెగటివులకు ఈ సౌకర్యాన్ని వాడరాదు.

నిలువ విషయంలో మాత్రం వెండిదే పైచేయి. సరిగా ఫిక్స్ చేసి, బాగా కడిగిన వెండి నెగటివు నూరేండ్లయినా చెడదు. అద్దకాలు సేంద్రియ పదార్థాలు; వేడికి, తేమకు, వెలుతురుకు క్రమంగా వెలిసిపోతాయి. మన కోస్తా జిల్లాల వంటి వేడి, తేమ గల చోట్ల ఈ భేదం మరీ ముఖ్యం. అక్కడ జెలటిన్ మీద బూజు కూడా పడుతుంది గనుక ఏ జాతి నెగటివునైనా పొడిగా, చల్లగా, చీకటిలో ఉంచవలెను.

తరగతిలో ఒక ప్రయోగం

ఈ భేదాన్ని పాఠశాల ప్రయోగశాలలో సులభంగా చూపవచ్చును. పనికిరాని పాత నలుపు తెలుపు వెండి నెగటివు ముక్కను ఒకదానిని, పాత రంగుల నెగటివు ముక్కను ఒకదానిని తీసికొనవలెను. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల హైపో కరగించి, వేరొక పాత్రలో 100 మిల్లీలీటర్ల నీటిలో 1 గ్రాము పొటాసియం ఫెర్రిసయనైడ్ కరగించవలెను. రెండింటిని ప్రయోగానికి ముందు మాత్రమే కలపవలెను. కలిపిన ద్రావణం ఎక్కువసేపు నిలువదు. నెగటివులను నీటిలో నానబెట్టి, ఈ ద్రావణంలో వేసి మెల్లగా కదిలించవలెను.

కొన్ని నిమిషాలలో వెండి బొమ్మ పలుచబడి, క్రమంగా మాయమవుతుంది. రంగుల బొమ్మ మాత్రం చెక్కుచెదరదు. ఫెర్రిసయనైడ్ వెండిని ఆక్సీకరణం చేసి లవణంగా మార్చినది. హైపో ఆ లవణాన్ని కరగించినది. లాబ్ యంత్రంలో బ్లీచ్, ఫిక్సర్ చేసే పని ఇదే. ఫెర్రిసయనైడ్‌కు ఆమ్లాలు తగలకుండా చూడవలెను; గాఢమైన ఆమ్లం తగిలితే విషవాయువు వెలువడవచ్చును. చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దాలు ఉండవలెను. ఉపాధ్యాయుడు దగ్గర ఉండి చేయించవలసిన ప్రయోగమిది. పనికివచ్చే నెగటివును దీనికి వాడరాదు.

ఎట్లా ఎన్నుకొనవలెను?

ఫిలిము కొనక ముందే, దానిని ఎవరు ఎట్లా కడుగుతారో నిర్ణయించుకొనవలెను. దగ్గరలో ఉన్నది రంగుల లాబ్ మాత్రమే అయితే, డబ్బా మీద సి-41 అని ముద్రించి ఉన్న నలుపు తెలుపు ఫిలిమునే కొనవలెను. ఆ మాట డబ్బా మీదనే కాక ఫిలిము గొట్టం మీద కూడా ఉంటుంది. అది కనిపించకపోతే వెండి ఫిలిము అనే భావించడం క్షేమం.

పాఠశాలలోనే కడుగుకొనే వసతి ఉంటే, లేదా నలుపు తెలుపు ఫిలిమును వేరుగా కడిగే లాబ్ అందుబాటులో ఉంటే, వెండి ఫిలిము మేలు. ఎండలో తీసే బొమ్మలకు 100, 125 వేగాలు, నీడలోను గదులలోను తీసే బొమ్మలకు 400 వేగం తగినవి. వేసవిలో మన కుళాయి నీరు 30 డిగ్రీలు దాటుతుంది గనుక, మంచు ముక్కలున్న తొట్టెలో డెవలపర్ పాత్రను ఉంచి 20 డిగ్రీలకు తేవలెను. పాఠశాల చరిత్ర, గ్రామ చరిత్ర వంటి పది కాలాలు ఉండవలసిన బొమ్మలకు వెండినే ఎన్నుకొనడం మంచిది. త్వరగా కడిగించి, స్కాన్ చేయించి, నలుగురికీ పంచవలసిన బొమ్మలకు అద్దకపు ఫిలిము అనుకూలం.

లాబ్‌లో ఇచ్చేటప్పుడు "ఇది నలుపు తెలుపు ఫిలిము" అని చెప్పినంత మాత్రాన చాలదు. ఆ మాట రెండు జాతులకూ వర్తిస్తుంది. "ఇది సి-41 ఫిలిము" అనిగాని, "ఇది వెండి ఫిలిము, రంగుల యంత్రంలో వేయవద్దు" అనిగాని కవరు మీద స్పష్టంగా వ్రాసి ఇవ్వవలెను. ఒక్క పంక్తి వ్రాయడానికి పట్టే సమయం అర నిమిషం. బ్లీచ్ ఒకసారి వెండిని తీసికొనిపోయిన తరువాత ఎంత కాలం వెచ్చించినా ఆ బొమ్మలు తిరిగి రావు.